పద్నాలుగేళ్ళ సాక్షి



ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండకు వెళ్ళి, తలనీలాలిచ్చి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేవారు మీలో చాలామంది ఉన్నారు. 1924లో ఫాదర్ ఆర్లాటి గారు అక్కడ నెలకొల్పిన స్వరూపం లూర్దుమాతదని జ్ఞానోపదేశం తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. తెల్లని వస్త్రం, నీలిరంగు నడికట్టు, చేతికి జపమాల, పాదాల మీద పసుపుపచ్చని గులాబీలు. ఇవన్నీ లూర్దుమాత గుర్తులు. ఆ నడికట్టు నీలమని, ఆ గులాబీలు పసుపుపచ్చవని లోకానికి చెప్పిందెవరు? ఒకే ఒక్క పిల్ల. ఆమె తప్ప మరెవరూ చూడలేదు. మొదటి రోజున కూడా ఉన్న సొంత చెల్లెలికే ఏమీ కనిపించలేదు. మన విశ్వాసం సువార్త మీద నిలిచింది గాని లూర్దు మీద కాదు. ఇటువంటి దర్శనాలను నమ్మి తీరాలని శ్రీసభ ఎవరినీ నిర్బంధించదు. అయినా లూర్దు పేరిట లోకమంతటా వెలసిన గుడులన్నిటి వెనుకా ఉన్నది ఒక పేదింటి పిల్ల చెప్పిన సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని పెద్దలు ఎలా తూచారు, ఏ తూకపురాళ్ళు వాడారు అన్నది ఈ వారం మీతో చెప్పాలని ఉంది.

బెర్నదెత్ సుబీరు 1844 జనవరి 7న ఫ్రాన్సు దేశపు దక్షిణపు కొసన, పిరనీస్ పర్వతాల పాదాల దగ్గర ఉన్న లూర్దు అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి ఫ్రాన్సువా బోలీ అనే పిండిమర నడిపేవాడు. ఏటినీటితో తిరిగే మర అది. తల్లి పేరు లూయీజ్. బెర్నదెత్ తొలిచూలు బిడ్డ. తండ్రి మెతక మనిషి. అరువు పెట్టిన పిండికి డబ్బు గట్టిగా అడగలేడు. మరరాయికి కక్కు కొడుతుండగా రాతిముక్క ఎగిరి ఒక కన్ను పోయింది. 1854లో మర చెయ్యిదాటిపోయింది. మరుసటి ఏడాది ఊరిమీద పడిన కలరా బెర్నదెత్‌ను చంపకుండా వదిలింది గాని, ఉబ్బసం జీవితాంతం ఆమెను వదలలేదు. చివరికి కాపురం కషో అని పిలిచే ఒక గదిలోకి చేరింది. అది పాత జైలు గది. ఖైదీలను ఉంచడానికి కూడా తగదని సర్కారు వదిలేసిన చోటు. అందులో తల్లిదండ్రులు, నలుగురు పిల్లలు.

1857లో ఒక రొట్టెల వ్యాపారి దగ్గర రెండు బస్తాల పిండి పోయింది. ఫ్రాన్సువా సుబీరును పట్టుకుపోయి వారం రోజులకు పైగా కొట్లో పెట్టారు. రుజువు లేదని విడిచిపెట్టారు. అసలు అనుమానం ఎందుకు వచ్చిందయ్యా అంటే, ఇంత దరిద్రంలో ఉన్నవాడు కదా, వీడే అయి ఉంటాడని ఆ వ్యాపారి అనుకున్నాడు. అంతే కారణం.

ఆ ఏడే బెర్నదెత్‌ను బర్త్రెస్ అనే పల్లెకు పంపారు. పసితనంలో తనకు పాలిచ్చి పెంచిన దాది ఇంట్లో గొర్రెలు కాసే పని. సాయంత్రాలు ఆ దాది జ్ఞానోపదేశం నేర్పబోయేది. పుస్తకం ఫ్రెంచి భాషలో, పిల్లకు వచ్చినది ఆ కొండప్రాంతపు మాండలికం ఒక్కటే. వాక్యం తలకెక్కేది కాదు. మొద్దుపిల్ల అని తేల్చేశారు. మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకోవాలన్న కోరికతో 1858 జనవరిలో ఆమె లూర్దుకు తిరిగి వచ్చింది. అప్పటికి పద్నాలుగు నిండాయి. చదవడం, రాయడం రావు. నిలువు నాలుగున్నర అడుగులు.

ఈ సంగతులన్నీ ఎందుకు ఏకరువు పెడుతున్నానంటే, తర్వాత ఆమె నోరు విప్పినప్పుడు పెద్దలు మొదట చూసినవి ఇవే. జైలుకెళ్ళిన తండ్రి, జైలు గదిలో కాపురం, మొద్దుపిల్ల అన్న పేరు.

1858 ఫిబ్రవరి 11, గురువారం. చెల్లెలితో, ఒక స్నేహితురాలితో కలిసి కట్టెపుల్లలు ఏరుకోవడానికి గావ్ నది ఒడ్డున ఉన్న మసాబియెల్ అనే కొండగుహ దగ్గరికి వెళ్ళింది. అక్కడ గాలి వీచిన చప్పుడు వినిపించి తల ఎత్తి చూస్తే, గుహ పైన ఉన్న రాతి తొర్రలో తెల్లని దుస్తుల్లో ఒక చిన్నది కనిపించింది. బెర్నదెత్ జపమాల చెప్పుకుంది. దారిలో చెల్లెలి దగ్గర మాట జారింది, చెల్లెలు ఇంట్లో చెప్పేసింది. తల్లి ఏం చేసిందనుకుంటున్నారు? కర్ర తీసుకుని ఇద్దరికీ తలా నాలుగు వడ్డించింది. ఉన్న కష్టాలు చాలవన్నట్టు ఇదొకటా అని ఆ తల్లి బాధ. మొట్టమొదటి విచారణ, మొట్టమొదటి తీర్పు ఇంట్లోనే జరిగిపోయాయి.

తనకు కనిపించినది ఎవరో బెర్నదెత్ చెప్పలేదు. దేవమాత అనలేదు. తన మాండలికంలో అకేరో అంది. ఆ మాటకు అర్థం అది, ఆ కనిపించినది అని. మన తెలుగులో అది అంటే వస్తువుకూ సరిపోతుంది, చిన్నపిల్లకూ సరిపోతుంది. ఆమె మాటలోని ఆ సందిగ్ధం ఫ్రెంచి వాళ్ళ కంటే మనకే బాగా అందుతుందేమో. ఊళ్ళో భక్తురాళ్ళు వారంలోపలే దేవమాత అన్నారు. ఒకరిద్దరు చనిపోయిన ఫలానా అమ్మాయి ఆత్మ అన్నారు. ఫిబ్రవరి 18న ఇద్దరు స్త్రీలు కాగితం, కలం, సిరాబుడ్డి ఇచ్చి, పేరు రాసి ఇమ్మని అడిగించారు. ఆ కనిపించిన ఆమె నవ్వి, అక్కర్లేదందని పిల్ల చెప్పింది. పదిహేను రోజులు ఇక్కడికి రమ్మని కోరిందని కూడా చెప్పింది. అంతవరకే చెప్పింది. చుట్టూ ఉన్న పెద్దలంతా పెంచుతున్న కథను చూసిన పిల్ల ఒక్కతే పెంచలేదు.

ఫిబ్రవరి 21, ఆదివారం. సాయంకాల ప్రార్థన ముగిసి జనం గుడిలోంచి బయటికి వస్తున్నారు. పోలీసు కమిషనర్ జకోమె ఆ పిల్లను ఆపి తన నివాసానికి తీసుకుపోయాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. తెలివైనవాడు, పనిలో దిట్ట. గదిలో పన్నుల శాఖ ఉద్యోగి ఎస్త్రాద్ ఒక పక్కన కూర్చుని విన్నాడు. తల్లిదండ్రులు లేరు. జకోమె మొదట మెత్తగా అడిగాడు. పేరు, వయసు, చదువు, గుహ దగ్గర ఏం జరిగింది. పెన్సిలుతో రాసుకున్నాడు. తర్వాత తాను రాసుకున్నది ఆమెకు చదివి వినిపించాడు. ఇక్కడే ఉంది అసలు ఎత్తు. అక్కడక్కడా ఆమె చెప్పని మాటలు చేర్చి, చెప్పినవి మార్చి చదివాడు. పిల్ల అవునంటే కట్టుకథ అని తేలిపోతుంది, తడబడితే భయపెట్టవచ్చు. బెర్నదెత్ ప్రతిచోటా ఆపింది. తాను అలా చెప్పలేదంది, మీరు మార్చారంది. దేవమాతను చూశానన్నావు కదా అని ఆయన అంటే, ఆ మాట తాను అననే లేదంది. అయితే ఏమీ చూడలేదన్నమాట అంటే, చూశానంది. ఆ రెండు జవాబుల మధ్య ఉన్న సన్నని దారిలో ఒక్క అడుగు అటూ ఇటూ వేయలేదు. చివరికి ఆయన గొంతు పెంచి జైలు పేరెత్తాడు. ఇంతలో బయట జనం పోగయ్యారు, తండ్రి వచ్చాడు. నిరుడు కొట్లో పడి వచ్చిన మనిషి. పిల్లను ఇక గుహకు పంపనని మాట ఇచ్చి తీసుకుపోయాడు.

ఆ రోజు జకోమె రాసుకున్న కాగితాలు పోలేదు. రెనే లోరాంతెన్ అనే గురువు లూర్దు పత్రాలను సేకరించి 1957 నుంచి సంపుటాలుగా ప్రచురించినప్పుడు వాటికి ముఖ్యమైన చోటు దక్కింది. ఆమె మాటలను తొలినాళ్ళలో జాగ్రత్తగా కాగితం మీద పెట్టినవాడు ఆమెను నమ్మని మనిషే.

మరుసటి రోజు తల్లిదండ్రులు వద్దన్నారు. అయినా ఆమె కాళ్ళు గుహ వైపే వెళ్ళాయి. వెనుక రక్షకభటులు, వారి వెనుక జనం. అబద్ధమాడే పిల్లకు ఇంతకంటే మంచి అవకాశం ఏముంది? ఆ రోజు ఆమెకు ఏమీ కనిపించలేదు. ఏమీ కనిపించలేదనే చెప్పింది. భటులు ఎగతాళి చేశారు. ఏడుపు మొహంతో ఇంటికి వెళ్ళింది.

ఆ రోజుల్లోనే ప్రభుత్వ న్యాయవాది దుతూర్ కూడా పిలిపించాడు. ఈసారి తల్లి వెంట వెళ్ళింది. చాలాసేపు నిలబెట్టి ప్రశ్నలడిగారు. తల్లికి కళ్ళు తిరిగితే అప్పుడు కుర్చీలున్నాయి, కూర్చోమన్నారు. ఆ అన్న తీరు పిల్లకు రుచించలేదు; మీ కుర్చీలు మాసిపోతాయేమో అన్నట్టు నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. విసుగెత్తిన దుతూర్ చెయ్యి వణికి కలం సిరాబుడ్డిలో పడలేదని ఆమె తర్వాతి కాలంలో చెప్పేది. ఈ పిల్లను అమాయకపు గొర్రెపిల్లగా బొమ్మల్లో గీసేవారు ఈ సంగతి మరిచిపోతారు. ఆమెలో పౌరుషం ఉంది, ముక్కుసూటితనం ఉంది. సాక్షి అణకువగా లేకపోతే అబద్ధమాడుతున్నట్టే అని తీర్మానించే పెద్దలు ఆ కాలంలోనే కాదు, ఏ కాలంలోనైనా ఉంటారు.

అయితే ఆమె పోలీసుల కంటే ఎక్కువగా భయపడింది ఒక గురువుకు. లూర్దు విచారణ గురువు ఫాదర్ పేరమాల్ భారీ మనిషి, పెద్ద గొంతు, పేదల పట్ల వెన్నలాంటి మనసు, కోపం మాత్రం ముక్కు మీద. మార్చి 2న బెర్నదెత్ ఇద్దరు మేనత్తల వయసు పిన్నమ్మలను తోడు తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. గుహ దగ్గరికి జనం ఊరేగింపుగా రావాలని ఆమె కోరిందని చెప్పింది. ఆయన మండిపడ్డారు. ఊరేగింపు నిర్ణయించాల్సింది పీఠాధిపతులు, పేరు చెప్పని ఎవరో కాదు. పిన్నమ్మలు బెదిరిపోయి బయటపడ్డారు. వీధిలోకి వచ్చాక పిల్లకు గుర్తొచ్చింది, సందేశంలో సగమే చెప్పానని. గుడి కట్టించాలన్న మాట భయంలో మరిచిపోయింది. మళ్ళీ వెళ్దామంది. పిన్నమ్మలు రామన్నారు. ఊళ్ళో మరొకామెను బతిమాలి, సాయంత్రం మళ్ళీ ఆ సింహం గుహలోకే వెళ్ళింది. సహాయ గురువులు కూడా కూర్చుని ఉన్నారు. మిగిలిన సగం చెప్పింది. మళ్ళీ చీవాట్లు తింది. చెప్పవలసినది చెప్పేశాను అన్న తేలికపాటుతో ఇంటికి వెళ్ళింది.

ఆమె నిజాయితీకి ఒక్కటే రుజువు ఎంచుకోమని నన్నడిగితే ఆ సాయంత్రాన్ని ఎంచుకుంటాను. కల్లలాడేవాడు తిట్లు తిన్న గుమ్మం రెండోసారి తొక్కడు. సగం చెప్పి తప్పించుకోగలిగితే మిగతా సగాన్ని మింగేస్తాడు.

మార్చి 4న పదిహేను రోజులు ముగుస్తాయి కనుక పెద్ద అద్భుతం జరుగుతుందని ఎనిమిది వేలమంది దాకా పోగయ్యారు. ఏమీ జరగలేదు. పిల్ల జపమాల ముగించి, ఇంటికి వెళ్ళిపోయింది. జనం నిరాశ ఆమెకు పట్టలేదు.

మార్చి 25న, మంగళవార్త పండుగ నాడు, కనిపించినామె పేరు చెప్పింది. ఆ పేరు బెర్నదెత్‌కు అర్థం కాలేదు. మరిచిపోతానేమోనని దారి పొడవునా మననం చేసుకుంటూ పరుగున వచ్చి ఫాదర్ పేరమాల్ ముందు అప్పగించింది. తాను అమలోద్భవమునని ఆ స్త్రీ చెప్పిందట. అమలోద్భవిని అని కాదు, అమలోద్భవమును అని. ఏ మనిషైనా తన జననమే తాను అని చెప్పుకుంటాడా? ఎవరైనా పెద్దలు వెనక ఉండి నేర్పి ఉంటే వ్యాకరణం సరిచేసి పంపేవారు. దాని అర్థం ఏమిటని ఆయన అడిగితే తెలియదంది. తెలియకుండా ఎలా చెబుతున్నావంటే, దారంతా వల్లించుకుంటూ వచ్చానంది. ఆయన నోట మాట రాలేదు. అమలోద్భవ సత్యాన్ని పోపు తొమ్మిదవ పయస్ ప్రకటించి అప్పటికి నాలుగేళ్ళు కూడా కాలేదు, అది 1854 డిసెంబరు 8న జరిగింది. గుడిలో ఆ మాట పిల్ల చెవిన పడి ఉండవచ్చుగా అని అడిగేవారున్నారు. పడి ఉండవచ్చు, కాదనను. అందుకే నేను ఈ ఒక్క కొయ్యకే అంతా తగిలించను. కానీ అర్థం తెలియని మాటను అర్థం తెలిసినట్టు నటించకుండా అప్పగించడం పెద్దవాళ్ళకు కూడా కష్టమైన పనే.

ఇక జిల్లా అధికారి బారన్ మాసి గారికి మరో ఉపాయం తట్టింది. పిల్లకు మతి చలించిందని తేలితే గొడవ తీరిపోతుంది. ఆ నెలాఖరున ముగ్గురు వైద్యులు పరీక్షించారు. ఉబ్బసం ఉంది, భ్రమ అయి ఉండవచ్చు, కానీ ఆమెను బంధించవలసిన అవసరమేదీ లేదని రాశారు. పిచ్చాసుపత్రికి పంపే ఆలోచనకు అడ్డం నిలిచినవారు ఎవరో కాదు, ఆమెను రెండుసార్లు తిట్టిన ఫాదర్ పేరమాల్ గారే.

పిల్లల మాట గురించి మనం రెండు పొడి మాటలు సిద్ధంగా ఉంచుకున్నాం. పిల్లలు అబద్ధమాడరు అని ఒకటి, పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని ఇంకొకటి. ఏది వీలుగా ఉంటే అది వాడుకుంటాం. రెంటిలోనూ ఆ పిల్ల ఏం చెప్పిందో వినడం లేదు. లూర్దులోనే చూడండి. ఆ ఏడు ఏప్రిల్ నుంచి జూలై వరకు సుమారు యాభైమంది తమకూ దర్శనాలు కలిగాయన్నారు. వారిలో పిల్లలు కూడా చాలామంది. కొందరు మొహాలు వికారంగా పెట్టారు, కొందరు చిత్రవిచిత్రమైన ఆజ్ఞలు తెచ్చారు. పిల్లలు కనుక నమ్మాలంటే వారందరినీ నమ్మాలి. పిల్లలు కనుక నమ్మకూడదంటే బెర్నదెత్‌నూ నమ్మకూడదు. తార్బ్ పీఠాధిపతి లోరాన్స్ గారు రెండు దారులూ వదిలి, 1858 జూలై 28న ఒక విచారణ సంఘాన్ని నియమించారు. ఆ యాభైమంది నిలవలేదు.

సంఘంవారు నవంబరు 17న బెర్నదెత్‌ను ప్రశ్నించారు. 1860 డిసెంబరు 7న పీఠాధిపతి స్వయంగా కూర్చుని విన్నారు. అవే ప్రశ్నలు, అవే జవాబులు. తెలియని చోట తెలియదు, గుర్తులేని చోట గుర్తులేదు. ఊట తవ్విన రోజున గడ్డి తినమని చెప్పడం దేవమాతకు తగినదేనా అని ఒకరు నిలదీస్తే, మనుషులు పచ్చి ఆకులు సలాడుగా తినడం లేదా అన్నట్టు జవాబిచ్చింది. మార్చి 25న ఆ స్త్రీ చేతులు ఎలా కలిపిందో చూపించమంటే లేచి నిలబడి, చేతులు చాచి, కలిపి, కళ్ళు పైకెత్తింది. వృద్ధుడైన పీఠాధిపతి చెంపల మీద కన్నీళ్ళు జారాయి. అయినా ఆ కన్నీళ్ళ మీద ఆధారపడి మర్నాడే తీర్పు చెప్పలేదు. మరో ఏడాది దాటాక, 1862 జనవరి 18న చెప్పారు. మొదటి దర్శనం నాటి నుంచి నాలుగేళ్ళకు ఇరవై నాలుగు రోజులు తక్కువ. ఈ లోగా ఆమెకూ, ఆ ఇంటికీ డబ్బు చేర్చాలని ఎందరో చూశారు. పాత జైలు గదిలో కాపురమున్న ఆ తండ్రీ, తల్లీ, పిల్లా పైసా ముట్టలేదు.

పెద్ద గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకు న్యాయదర్శనంలోని శబ్దప్రమాణం కూడా చెప్పేవారు. ఆప్తుని మాట ప్రమాణం. ఆప్తుడంటే ఎవరు? విషయాన్ని ఉన్నదున్నట్టు ఎరిగి, ఎరిగినది ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక గలవాడు. గౌతముని సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఈ లక్షణం ఋషికైనా, ఆర్యునికైనా, మ్లేచ్ఛునికైనా సమానమే అన్నాడు. కులం, చదువు, ఊరు, వంశం అన్నీ ఆ తూకంలోంచి తీసేశాడు. వయసు మాట ఆ నిర్వచనంలో లేనే లేదు. జకోమె, దుతూర్, బారన్ మాసి ముగ్గురూ పిల్ల ఎవరో చూశారు. లోరాన్స్ గారు పిల్ల ఎలా చెబుతున్నదో చూశారు.

మన దేశపు చట్టం కూడా ఈ రెండో దారిలోనే ఉంది. లూర్దు సంగతి జరిగిన పద్నాలుగేళ్ళకు వచ్చిన 1872 నాటి సాక్ష్య చట్టం 118వ సెక్షనులో సాక్షికి కనీస వయసు పెట్టలేదు. ప్రశ్న అర్థం చేసుకుని పొందికైన జవాబు చెప్పగలిగితే చాలు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా 124వ సెక్షనులో అదే నిలిపింది. 2012లో వచ్చిన పోక్సో చట్టం ఇంకొంత ముందుకు వెళ్ళింది. లైంగిక దాడికి గురైన బిడ్డ మాటను బిడ్డ ఇంట్లో గాని, బిడ్డ కోరిన చోట గాని రాసుకోవాలి. సాధ్యమైనంతవరకు మహిళా అధికారి రాసుకోవాలి, యూనిఫారం వేసుకోకూడదు. తల్లిదండ్రులు గాని, బిడ్డ నమ్మిన మరొకరు గాని పక్కనుండాలి. కోర్టుకు పదేపదే పిలవకూడదు, గద్దించి అడగకూడదు. ఇవన్నీ చదువుతుంటే నాకు ఆ ఆదివారం సాయంత్రం కమిషనరు గది గుర్తొస్తుంది. తలుపు మూసిన గది, తోడు లేని పిల్ల, మార్చి చదివిన కాగితం, జైలు బెదిరింపు. ఆ ఒత్తిడికి మాట మార్చిన పిల్లలు ఎందరుంటారు? మాట మార్చినంత మాత్రాన వారు మొదట చెప్పినది అబద్ధమని ఎలా అనగలం? బెర్నదెత్ నిలబడింది, ప్రతి పిల్లా బెర్నదెత్‌లా నిలబడాలని కోరడం అన్యాయం.

పాఠకులారా, ఇది మన ఇళ్ళలోకీ, మన విచారణల్లోకీ, మన బోర్డింగుల్లోకీ వచ్చే సంగతి. సెలవులయ్యాక ఒక పిల్లవాడు బోర్డింగుకు వెళ్ళనంటాడు. ఒక పిల్ల ఫలానా మావయ్య వస్తే గదిలోంచి బయటికి రాదు. అడిగితే సగం చెబుతారు. చదువు ఎగ్గొట్టడానికి వేషాలని మనం అంటాం. వేలెత్తి చూపినది ఉపాధ్యాయుడినో, ఉపదేశినో, గురువునో అయితే, ఆయనా? ఛ, నోర్ముయ్యి అంటాం. సమూవేలు ప్రవక్త చిన్ననాటి కథ మీకు తెలుసు. రాత్రి పిలుపు విని పిల్లవాడు వస్తే యాజకుడైన ఏలీ రెండుసార్లు వెళ్ళి పడుకోమన్నాడు, మూడోసారికి గ్రహించాడు. అంతవరకే మనం పిల్లలకు చెబుతాం. తెల్లారాక జరిగినది చెప్పం. ఆ పిల్లవాడు విన్న సందేశం ఏలీ ఇంటి మీదే, దేవాలయంలో దుర్మార్గం చేస్తున్న ఆయన కొడుకుల మీదే. పిల్లవాడు చెప్పడానికి భయపడ్డాడు. ఒక్క మాట కూడా దాచవద్దని ఏలీ ఒట్టు పెట్టి మరీ చెప్పించుకున్నాడు. ఎన్ని లోపాలున్నా ఆ యాజకుడు ఆ ఉదయం చేసిన పని గొప్పది. పోపు ఫ్రాన్సిస్ 2019 మే నెలలో ఇచ్చిన శాసనం, గురువుల మీద గాని మఠవాసుల మీద గాని ఇటువంటి ఫిర్యాదు తెలిస్తే పై అధికారులకు తెలియజేయడం గురువులకూ మఠవాసులకూ విధి చేసింది. ఫిర్యాదు చేసినవారి నోరు మూయించరాదంది. పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మనందరి విధి.

బెర్నదెత్ జీవితం తీర్పుతో ముగియలేదు. నమ్మనివారి బాధ తీరాక నమ్మినవారి బాధ మొదలైంది. 1860 నుంచి ఆమె నెవేర్ మఠకన్యల ఆసుపత్రిలో ఉంటూ చదవడం, రాయడం నేర్చుకుంది. రోజూ వచ్చేపోయేవారికి అదే కథ చెప్పాలి. నమ్మమని ఎవరినీ బతిమాలలేదు. చెప్పమని తనకు అప్పగించారు, నమ్మించమని కాదు అన్నది ఆమె పద్ధతి. 1863లో ఫబీష్ అనే పేరుపొందిన శిల్పి గుహలో పెట్టడానికి స్వరూపం చెక్కుతానని వచ్చి, ఆమెను కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. ఆమె చూసినది తనంత ఎత్తున్న చిన్నదాన్ని, లేత వయసుదాన్ని. ఆయన చెక్కి తెచ్చినది నిండు వయసున్న పొడవాటి స్త్రీని. ఆమెకు నచ్చలేదు. 1864 ఏప్రిల్ 4న వైభవంగా ప్రతిష్ఠించారు. ఈనాడు లోకమంతా చూస్తున్న రూపం అదే. పెద్దలు సాక్షిని నమ్మారు, సాక్ష్యాన్ని మాత్రం తమ ఇష్టప్రకారం దిద్దుకున్నారు.

1866 జూలైలో ఆమె లూర్దును వదిలి నెవేర్‌లోని మఠానికి చేరింది. మఠకన్యలందరి ఎదుట ఒక్కసారి జరిగినది చెప్పించి, ఆపైన ఆ ఊసెత్తవద్దన్నారు. అది ఆమెకూ ఇష్టమే. రోగుల గదిలో సేవ చేసింది, ఆపైన తానే రోగి అయింది. 1869లో లూర్దు చరిత్ర రాసే విషయంలో ఇద్దరు భక్తిపరులైన రచయితల వర్గాలు గొడవపడ్డాయి. ఒకరు రాసినదాన్ని కాదనిపించడానికి మరొకరు ఆమె చేత సంతకం పెట్టించుకున్నారు. 1878 చలికాలంలో, మోకాలి ఎముకకు క్షయ పట్టి మంచం మీద ఉండగా కూడా ప్రశ్నల పట్టీలు వచ్చాయి. ఏ రోజు ఏం జరిగింది, ఏ మాట ముందు, ఏది వెనుక. ఇరవై ఏళ్ళ నాటి సంగతి. చాలావాటికి ఆమె జవాబు గుర్తులేదనే. అప్పటికి ఆమె ఏం చెప్పినా నమ్మడానికి లోకం సిద్ధంగా ఉంది. కల్పించలేదు.

1879 ఏప్రిల్ 16న, ఈస్టరు వారపు బుధవారం నాడు, ముప్పై అయిదేళ్ళ వయసులో కన్నుమూసింది.

ఆమెకు శిక్షణ ఇచ్చిన మఠమాత మరీ తెరేజ్ వోజూ గారు మంచి కుటుంబంలో పుట్టిన, బాగా చదువుకున్న స్త్రీ. దేవమాత తనను తాను చూపించుకోదలిస్తే చదువూ సంస్కారం ఉన్నవారిని వదిలి ఒక మొరటు పల్లెపిల్లను ఎందుకు ఎంచుకుంటుందన్న సందేహం ఆమెను చివరిదాకా వీడలేదంటారు. వోజూ గారు సంఘపు పెద్దగా కూడా పనిచేశారు. 1907లో, లూర్దులోనే మరణించారు. బెర్నదెత్ పునీతత్వంపై మేత్రాసన విచారణ ఆ మరుసటి ఏడాది మొదలైంది. 1925 జూన్ 14న ఆమెను ధన్యురాలిగా, 1933 డిసెంబరు 8న, అమలోద్భవమాత పండుగ నాడు, పునీతురాలిగా పోపు 11వ పయస్ ప్రకటించారు.